మన్ననూరు గేటు దగ్గర

2023 కార్తికమాసం. శ్రీశైలంలో దర్శనం ఆలస్యమై, మేము కొండమీంచి బయలుదేరేసరికి రాత్రి ఎనిమిదయింది. కారు నడుపుతున్నది నేనే. పక్కన మా బావమరిది, వెనక మా ఆవిడ, అమ్మాయి, వాళ్ళ ఒళ్ళో ప్రసాదాల సంచులు.

హైదరాబాదునుంచి శ్రీశైలం వెళ్ళినవారికి ఆ దారి పరిచయమే. మన్ననూరు మొదలు దోమలపెంట వరకు రోడ్డుకు రెండు పక్కలా నల్లమల అడవి. ఒకప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఈ వైపుది అమ్రాబాదు పేరుతో వేరయింది. రాత్రి తొమ్మిదినుంచి పొద్దున ఆరింటిదాకా జంతువుల కోసమని రెండు చివరలా గేట్లు వేసి బళ్ళను ఆపేస్తారు. మేము తొమ్మిదికి పది నిమిషాలుండగా దోమలపెంట గేటు దాటాము. పందెం గెలిచినంత సంబరపడ్డాను. కాని మన్ననూరు గేటు కూడా మూసేసి మమ్మల్ని అడవిలో ఉంచేస్తారేమోనన్న భయం పట్టుకుంది. నెమ్మదిగా వెళ్ళమన్న బోర్డులు ఒకటి తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి. కారు మాత్రం అరవైకి తగ్గలేదు.

వటవర్లపల్లి దాటాక ఒక మలుపులో రెండు చిన్న దీపాలు వెలిగాయి. దుప్పి కళ్ళు! వాటి కంటిలో వెనకవైపు అద్దంవంటి పొర ఒకటి ఉంటుంది. చీకట్లో వాటికి చూపునిచ్చేది అదే, మన లైటు పడితే మెరిసేదీ అదే. బ్రేకు వేశాను. అది ఒక్క గెంతులో అవతలికి పోయింది. "అమ్మయ్య" అనుకున్నాము. నేను మళ్ళీ వేగం అందుకున్నాను. చుక్కల దుప్పులు మందగా తిరుగుతాయని, ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉంటుందని నాకు తెలియనిది కాదు. రెండోది తిన్నగా లైట్లలోకి వచ్చింది.

బియ్యం బస్తా పైనుంచి పడ్డట్టు చప్పుడయింది. అమ్మాయి కెవ్వుమంది.

దిగి చూశాను. రోడ్డుమీద దుప్పి లేదు. పక్క పొదల్లో ఏదో ఈడ్చుకుపోతున్న అలికిడి కొంతసేపు వినిపించి ఆగిపోయింది. అటు రెండడుగులు వేయబోతే మా ఆవిడ వారించింది. "పులులున్న అడవండీ!" నిజమే. ఆ మాట నాకు ధైర్యం లేకపోవడానికి మంచి సాకుగా కూడా అమరింది.

కారు ఎడమ లైటు పొడుములైంది, బంపరు లోపలికి నొక్కుకుపోయింది, కిందనుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. రేడియేటరు! సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టాము. ఇంజను వేడి కొంత అలా లోపలికి వచ్చేస్తుంది. కిటికీలు దించుకుని, చెమటలు కక్కుతూ, ఒంటి లైటుతో, ముల్లు పైకెక్కినప్పుడల్లా ఆగుతూ మన్ననూరు చేరాము.

దారిలో బావమరిది ఒక సలహా చెప్పాడు. "బావా, అడవిజంతువంటే కేసవుతుంది. 1972 చట్టం మామూలుది కాదు. బర్రె అడ్డమొచ్చిందని చెప్పు." వెనకసీటునుంచి ఎవరూ మాట్లాడలేదు.

గార్డు కారు చుట్టూ టార్చి వేసి చూశాడు. "ఏం తాకింది సారూ?"

"బర్రె" అన్నాను.

అతను వంగి, పగిలిన లైటు సందులోంచి నాలుగు వెంట్రుకలు తీసి నా అరచేతిలో పెట్టాడు. "బర్రెకు ఎర్ర ఎంటికలుంటయా సారూ?"

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్న నోరు పెగల్లేదు. మా అమ్మాయి కారు దిగి, "దుప్పి అంకుల్. వటవర్లపల్లి దాటాక మలుపులో" అంది. అతను రిజిష్టరులో రాసుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "లోపలున్న బండ్లను మేము ఆపుతమా సారూ, గంత తొందరెందుకు?" అని మాత్రం అన్నాడు.

గేటు దగ్గర తెల్లవారేదాకా ఆగిపోయిన లారీ డ్రైవరొకడు మా బానెట్టు ఎత్తాడు. ఇంజను చల్లారేదాకా మూత ముట్టనివ్వలేదు. ముట్టుకుంటే మరిగే నీళ్ళు మొహంమీద చిమ్ముతాయట. తర్వాత మా ఆవిడకేసి చూసి, "అమ్మా, పసుపుందా?" అన్నాడు. గుళ్ళో ఇచ్చిన పసుపు పొట్లం రేడియేటరులోకి వెళ్ళింది, వెనకే రెండు సీసాల నీళ్ళు. కారడం తగ్గింది! ఆ పసుపే మమ్మల్ని అచ్చంపేట చేర్చింది.

పొద్దున మెకానిక్కు మూత తీసి నెత్తి కొట్టుకున్నాడు. పసుపు సన్నచిల్లిని ఆపేమాట నిజమేగాని, లోపలి సన్నగొట్టాలను కూడా మూసేస్తుందట. కొత్త రేడియేటరు వేయక తప్పలేదు. నాది అన్నీ కలిసిన పాలసీ కాబట్టి, రిపేరుకు ముందు ఫోటోలు తీయించి కంపెనీకి తెలియజేశాను. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారికి ఇందులో పైసా రాదు.

కారు అక్కడే వదిలి, నాలుగోరోజు దానికోసం వెళ్ళినప్పుడు ముందుగా బస్సులో మన్ననూరు పోయాను. ఆ గార్డే ఉన్నాడు.

"తెల్లారంగనే ఒక చెంచాయనను తోలుకొని పోయిన సారూ. నెత్తురు బొట్లు వాగు దాకా ఉన్నయి."

"తర్వాత?"

"వాగు దాటినట్టు అడుగులున్నయి. అవుతల బండలు. ఏం కానరాలే."

"బతికిందంటావా?"

"దాటిందంటున్న సారూ."

అచ్చంపేట తిరిగివచ్చాను. కొత్త లైటు తెల్లగా, పాతది పసుపుపచ్చగా ఉన్నాయి. "అదీ మార్చమంటారా సార్?" అన్నాడు మెకానిక్కు. వద్దన్నాను. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి, దీపాలు పెట్టే వేళకు ముందే ఇల్లు చేరాను.