క్రాస్‌రోడ్స్ దాటితే... కోట్‌పల్లి!

శనివారం వచ్చిందంటే చిక్కడపల్లి వాళ్ళకి వేరే ఊరెందుకండీ? సంధ్య, దేవి, సుదర్శన్... నాలుగడుగులు వేస్తే మూడు తెరలు! ఇంటర్వెల్లో సమోసా, ఆట వదిలాక నారాయణగూడలో ఇరానీ చాయ్. మా ఇంట్లో షికారంటే ఏళ్ళ తరబడి ఇదే.

ఈసారి మా అమ్మాయి అడ్డం తిరిగింది. ఎనిమిదేళ్ళది. "పడవ తెరమీద కాదు నాన్నా, నీళ్ళమీద చూపించు" అంది. సరే, కోట్‌పల్లి జలాశయం అనుకున్నాం. చిక్కల్లా మా నాన్నగారితోనే!

ఆయనకి నీళ్ళంటే భయం. 'అందాల రాముడు'(1973)లో అక్కినేని పడవ ప్రయాణం ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. హుస్సేన్‌సాగర్‌లో లాంచీ ఎక్కమంటే మాత్రం "మీరెళ్ళి రండి" అంటారు. కారణం నాకు తెలుసు. 2000 ఆగస్టు 24. ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు మోసుకెళ్ళే నాలా మా అశోక్‌నగర్ మీదుగానే పోతుంది. అది పొంగి మేం అద్దెకున్న కింది వాటాలోకి వచ్చేసింది. తొమ్మిదేళ్ళ నన్ను భుజాలమీద ఎత్తుకుని, ఛాతీలోతు నీళ్ళలో మేడమెట్లు చేరేదాకా నాన్నగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ హోరు ఒక్కటే వినిపించింది. అంతే! మళ్ళీ ఆయన నీళ్ళ జోలికి పోలేదు.

"మావయ్యగారు రాకపోతే నేనూ రాను" అని మా ఆవిడ భీష్మించింది. చివరికి "ఒడ్డున కూర్చుంటాను" అన్న షరతుమీద కారెక్కారు.

తెల్లవారుజామున 5 గంటలకి బయల్దేరాం. కారు వెనక రెండు గేర్ల సైకిళ్ళు, డిక్కీలో టెంటు. చేవెళ్ళ దారి పట్టగానే మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం కొట్టెయ్యవద్దని జనం పోరాడిన చెట్లివి! వికారాబాద్ దాదాపు 75 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి కోట్‌పల్లి మరో 20.

కయాక్ అంటే సన్నటి పడవ. తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. కుడివైపు గట్టిగా వేస్తే పడవ ఎడమకి తిరుగుతుంది, ఎడమవైపు వేస్తే కుడికి. రెండువైపులా సమంగా వేస్తేనే ముందుకి. తల్లీకూతుళ్ళు మొదట్లో బొంగరంలా తిరిగి, పది నిమిషాల్లో దారిలో పడ్డారు.

తిరిగొచ్చిన అమ్మాయి నేరుగా తాత దగ్గరికి పరుగెత్తింది. "తాతా, జాకెట్ వేసుకుంటే మునగవు. వెనకాల నాన్న ఉంటాడు. పక్కన నేనుంటా!"

నాన్నగారు చాలాసేపు నీళ్ళవైపు చూశారు. తర్వాత లేచి, జాకెట్ తొడుక్కుని, బకిల్ రెండుసార్లు లాగి చూసుకున్నారు. ముందు ఆయన, వెనక నేను. ఒడ్డుకి రాయివేటు దూరం దాటలేదు. మొదట పడవ అంచుని పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడ్డాయి. కాసేపటికి ఒక చెయ్యి వదిలి నీళ్ళలో పెట్టారు.

"ఈ నీళ్ళు అరవడం లేదురా" అన్నారు.

నేనేమీ అనలేదు. తెడ్డు వేస్తూనే ఉన్నాను.

సాయంత్రం అనంతగిరి. ఎన్నో తెలుగు సినిమాల్లో చూసిన అడవే! అమ్మాయీ నేనూ సైకిళ్ళు తొక్కాం. ఎత్తెక్కేటప్పుడు ఇద్దరం దిగి తోసుకెళ్ళామని ఒప్పుకుంటున్నాను! రాత్రి టెంటు ముందు నాన్నగారికి ఒక సంగతి చెప్పాను. మన నాలా వెళ్ళి కలిసేది మూసీలో. ఆ మూసీ పుట్టిల్లు ఈ కొండలే.

"పుట్టినచోట ఇంత నెమ్మదస్తురాలా!" అని ఆశ్చర్యపోయారు.

అశోక్‌నగర్ హాస్టళ్ళలో పుస్తకాలతో కుస్తీ పట్టే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక్క ఆదివారం మీరూ వెళ్ళిరండి. వానలకి జలాశయం నిండాక అందం. పడవలు నడుస్తున్నాయో లేదో ముందే కనుక్కోండి. ఈతొచ్చినా సరే, జాకెట్ లేకుండా నీళ్ళలో దిగొద్దు. వీలైతే అమ్మానాన్నల్నీ తీసుకెళ్ళండి. వాళ్ళు రామంటే, ఎందుకు రామంటున్నారో ఒకసారి అడగండి.

ఆదివారం రాత్రి తిరిగొచ్చేసరికి క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో జనం. మామూలుగా నాన్నగారు పోస్టర్లవైపు చూసి "వచ్చేవారం ఏ సినిమా?" అంటారు.

ఈసారి అలా అనలేదు. "మళ్ళీ ఎప్పుడెళ్దాం?" అన్నారు.