మా ఇంజన్ మీద రెండక్షరాలు

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు హాస్టల్ పిల్లలం నలుగురం కలిసి సైన్స్ ఫెయిర్ కోసం అట్టతో డీజిల్ ఇంజన్ చేశాం. 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు కనుక్కున్నది మన ఇల్లందు దగ్గరే. డోర్నకల్ నుంచి మనకు రైలు వచ్చింది కూడా ఆ బొగ్గు కోసమే. అందుకే మాకు ఇంకో ఆలోచన రాలేదు.

రంగు వేయడం తేలికే. గీతలు, అక్షరాలే కష్టం. సైకిల్ షాపు తాత ఫ్రేములకు అతికించే నీళ్ల స్టిక్కర్లు ఇచ్చాడు. గరుకు రంగు మీద అతికిస్తే కింద గాలి చేరి తెల్లగా కనబడింది. తాత చెప్పినట్టు ముందు వార్నిష్ పూసి ఆరనిచ్చాం. స్టిక్కరు నానబెట్టి, కాగితం మీద నుంచి మెల్లగా జార్చి, మెత్తటి గుడ్డతో నీళ్లు అద్దాం. పసుపు గీత తిన్నగా కూర్చుంది. దాని పక్కన, 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే పొట్టిపేరు "ఎస్.సి." అతికించాం.

ఫెయిర్‌లో కొందరు అది చూసి, "హాస్టలోళ్ల ఇంజన్ కదా, కులం కూడా రాసుకున్నరు" అని నవ్వారు. మాలో ఒకడు గోటితో గీకబోయాడు. ఇంకొకడు వాడి చెయ్యి పట్టుకుని, "రైలు పెట్టెల మీద కూడా ఇవే అక్షరాలుంటయి. అవి చూసి ఎవరన్నా బండి దిగిండ్రా?" అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

బహుమతి రాలేదు. ఆ ఇంజన్ చాలా రోజులు మా గది కిటికీలో ఉంది. వానజల్లుకు అట్ట ఉబ్బినా అక్షరాలు లేవలేదు.

తమ్ముళ్లూ, అతికించేటప్పుడు తొందరపడకండి. అతికించాక, ఎవరో నవ్వారని గీకకండి.