ఇత్తడి యోర్పు

అమెరికాలో గుఱికాండ్రు పేల్చిన తూటాల యిత్తడి గొట్టములను పాఱవేయక, ఉక్కు అచ్చులో నొత్తి పూర్వపు కొలతకు దెచ్చి, మరల మందు నింపుకొందురు. పలుమాఱు లిట్లు చేయగా గొట్టపు మెడ చీలును. అప్పుడు లోహము నాసిదందురు. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము గల యా యిత్తడి సాధారణముగా నాసిది కాదు. పేలునపుడు సాగి, అచ్చులో ముడుచుకొని, ప్రతిమాఱును మఱింత బిరుసెక్కును. నడుమ మెడను మాత్రము మితముగా వేడిచేసినచో మరల మెత్తబడును. అడుగునకు వేడి తగులరాదు. దానికి గట్టిదనమే రక్ష.

మా వీధి కంచరియు చెంబును కొంత కొట్టి, కొలిమిలో కాచి, మరల కొట్టును. ఈ మర్మము మన యిండ్లలో నెఱుగము. బిడ్డను, కోడలిని దినదినము మన కొలతకు నొత్తుచు, మనసు విఱిగిననాడు పుట్టినింటిని నిందింతుము. దిద్దుట తప్పు గాదు. నడుమ వెచ్చదనము చూపకుండుట తప్పు. చీలిన పిదప మెడను ఏ వేడియు నతుకజాలదు.