నోట్స్‌లో రాశాను కదా!

మా హాస్టల్ రూమ్‌లో నన్ను "నోట్స్ గాడు" అంటారు. అందరూ ఫోన్లలో స్క్రీన్‌షాట్లు దాచుకుంటుంటే, నేను మాత్రం అన్నీ ఒకే ఫోల్డర్‌లో ప్లెయిన్ టెక్స్ట్ ఫైళ్లుగా రాసుకుంటాను. ల్యాబ్ రికార్డులు, మెస్ లెక్కలు, కట్టాల్సిన ఫీజులు, అన్నీ. ఏ యాప్ మూతబడినా, ల్యాప్‌టాప్ మారినా ఆ ఫైళ్లు తెరుచుకుంటాయి. దాని గురించి నాకు కాస్త గర్వం ఎక్కువే ఉండేది.

పోయిన సెమిస్టర్‌లో ఒక సమ్మర్ ఇంటర్న్‌షిప్ గురించి మా క్లాస్ అందరికీ మెయిల్ వచ్చింది. నేను అదే సాయంత్రం అప్లై చేసేసి, నోట్స్‌లో ఒక్క లైన్ రాసుకున్నాను: "ఇంటర్న్‌షిప్ 20వ తేదీ." రెండు రోజుల తర్వాత మా రూమ్మేట్ రెజ్యూమె దిద్దుకుంటూ అడిగాడు.

"రేయ్, లాస్ట్ డేట్ ఎప్పుడ్రా?"

"ఇరవై. నోట్స్‌లో రాశాను కదా!" అన్నాను, మెయిల్ తెరవకుండానే.

20 ఇంటర్వ్యూ తేదీ. అప్లికేషన్‌కి ఆఖరు 12. ఆ సంగతి మాకు 14న తెలిసింది.

వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నేనూ చూసుకోవాల్సిందిలే" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి ఆ లైన్‌నే చూస్తూ కూర్చున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ 20 దేనికో లేదు, ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. మెయిల్ అంటే వాళ్లు చెప్పింది, నోట్ అంటే నాకు గుర్తున్నది. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే దారే నేను వేయలేదు.

మొదట మెయిళ్లు మొత్తం కాపీ చేసి నోట్స్‌లో పెట్టాను. రెండు వారాల్లో ఫైల్ చెత్తబుట్టలా తయారైంది. తర్వాత జీమెయిల్ తెరిచినప్పుడు బ్రౌజర్ పైన కనిపించే లింక్ పెట్టాను. అది నా ఎకౌంట్‌కే పరిమితం. వాడికి పంపితే వాడి దగ్గర తెరుచుకోలేదు.

అప్పుడు దొరికింది మెసేజ్-ఐడి. దాదాపు ప్రతి మెయిల్‌కీ పంపేటప్పుడే పడే పేరు ఇది. మధ్యలో ఎట్ గుర్తు ఉంటుంది, చుట్టూ కోణాకారపు బ్రాకెట్లు. ఒక మెయిల్‌కి ఉన్నది ఇంకో మెయిల్‌కి ఉండకూడదు. 1982లో వచ్చిన ఆర్ఎఫ్‌సి 822 అనే ప్రమాణంలోనే ఇది ఉంది. మనం ఎవరికైనా రిప్లై ఇస్తే, అది ఏ మెయిల్‌కి జవాబో గుర్తుపట్టేది కూడా ఈ ఐడీతోనే.

జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" నొక్కితే పైనే కనిపిస్తుంది. మళ్లీ ఆ మెయిల్ కావాలంటే సెర్చ్‌లో "ఆర్ఎఫ్‌సి822ఎంఎస్‌జిఐడి" అని ఇంగ్లిష్ అక్షరాల్లో, స్పేస్ లేకుండా కొట్టి, కోలన్ పెట్టి, పక్కన ఐడీ అతికిస్తే చాలు. ఈమాక్స్‌లోనే మెయిల్ చదివేవాళ్లకైతే ఆర్గ్ మోడ్ ఈ లింకును తనే తయారుచేసి ఇస్తుంది. నేనింకా అంత దూరం పోలేదు. నోట్ కింద ఐడీ అతికిస్తాను, అంతే.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి ఉంది. ఒకే మెయిల్ వందమందికి వెళ్లినా, మామూలుగా అందరి కాపీలోనూ ఐడీ ఒకటే. అంటే నా నోట్‌లోని ఐడీతో వాడు వాడి ఇన్‌బాక్స్‌లోనే ఆ మెయిల్ తీయొచ్చు. అయితే మెయిల్ డిలీట్ చేస్తే ఐడీ ఒక్కటే మిగులుతుంది. ఫార్వర్డ్ చేస్తే కొత్త ఐడీ పడుతుంది. అందుకే ముఖ్యమైనవి డిలీట్ చేయడం మానేశాను.

మొన్న పరీక్ష ఫీజు తేదీ అడిగాడు. నోట్స్‌లో తేదీ ఉంది, నోటిదాకా వచ్చింది కూడా. చెప్పకుండా ఐడీ పంపాను. వాడు మెయిల్ తీసి, తేదీ పైకి చదివి, "నీ దగ్గరా ఇదేనా?" అన్నాడు.

"ఇదేరా" అన్నాను, నా నోట్ ఇంకోసారి చూసుకుని.

పోయిన ఇంటర్న్‌షిప్ ఎలాగూ రాదు. ఆ పాత లైన్‌ని మాత్రం నేను దిద్దలేదు. దాని కింద ఆ మెయిల్ ఐడీ ఒకటి చేర్చి అలాగే ఉంచాను.