గేటుకి కట్టేసిన లాబ్రడార్

నిన్న పొద్దున్నే పాత దుప్పట్లు ఇద్దామని ఒక జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్లాను. గేటు ఊచకి కట్టేసి ఉన్న లాబ్రడార్ కనిపించింది. రాత్రి ఎవరో వదిలేసి వెళ్లారట. పక్కన సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. చీటీ లేదు, టీకాల కార్డు లేదు. అక్కడ పనిచేసే అమ్మాయి టామీ, బ్రూనో, రాకీ, సీజర్ అని ఒక్కో పేరూ పెట్టి పిలిచి చూస్తోంది. అదేమో బైక్ చప్పుడు వినబడ్డప్పుడల్లా లేచి రోడ్డు వైపు చూస్తోంది.

ఇల్లు మారాల్సి రావడం, ఉద్యోగం పోవడం, ఇంట్లో ఎవరికో జబ్బు... పెంచలేని పరిస్థితి ఎవరికైనా వస్తుంది. దాన్ని నేను తప్పుపట్టను. కానీ ముందు సంరక్షణ కేంద్రానికి ఒక్క ఫోన్ చెయ్యండి. చోటుందో లేదో కనుక్కోండి. లేకపోతే కొన్నాళ్లు ఆగి బంధువుల్లో, తెలిసినవాళ్లలో అడగండి. ఇచ్చేటప్పుడు టీకాల కార్డు, వాడుతున్న మందులు, అది పడుకునే గుడ్డ కూడా ఇవ్వండి. ఏం తింటుంది, టపాసులకి భయపడుతుందా, పిల్లలతో ఎలా ఉంటుంది, ఎప్పుడైనా కరిచిందా, అన్నీ దాచకుండా చెప్పండి. టీకాలు లేని కుక్క పార్వో వైరస్ మోసుకొస్తే లోపలున్న కూనలకే ముందు ప్రాణం మీదికొస్తుంది.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువుని వదిలేయడం నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఆ అంకె తలుచుకుంటే కోపం వస్తుంది.

నేను బయల్దేరేసరికి కూడా ఆ లాబ్రడార్ ముందు పెట్టిన గిన్నెలో పెరుగన్నం అలాగే ఉంది.