నీకు బైపాస్, నాకు స్లీవ్

వత్సవాయి

వదినా,

వాట్సాప్‌లో నువ్వడిగింది ఒక్క ముక్క: "స్లీవా, బైపాసా, నువ్వేది చేయించుకుంటున్నావ్?" వాయిస్ మెసేజ్ పెడదామంటే ఇంట్లో అందరి చెవులూ నా ఫోను మీదే. అందుకే కాగితం తీశాను. నేను చేయించుకునేది స్లీవ్. నువ్వు మాత్రం అది వద్దు. నీ తోటికోడలు ముప్ఫై కిలోలు తగ్గిందని డల్లాస్‌లో డాక్టర్ని నువ్వూ అదే అడిగావట. కాస్త ఆగు.

మనిద్దరి బరువూ తొంభై దాటింది, ఎత్తూ ఇంచుమించు ఒకటే. తూకం చూసి ఆపరేషన్ ఎంచుకునేటట్టయితే ఇద్దరికీ ఒకటే సరిపోవాలి. సరిపోదు.

స్లీవ్ అంటే పొట్టను నిలువునా కోసి ముప్పాతిక వంతుకు పైగా తీసేయడం. మిగిలేది అరటికాయంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరేది ఆ తీసేసిన భాగంలోనే, అందుకే ఆకలి కూడా మందగిస్తుంది. పేగుల జోలికి పోరు. కానీ తీసిన పొట్ట మళ్లీ రాదు. బైపాస్‌లో పైన 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని విడదీసి, చిన్నపేగును పైకి తెచ్చి దానికి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, తిన్నది మాత్రం దాని మొహం చూడదు. అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లో మొదలుపెట్టిన ఆపరేషన్ మారుతూ మారుతూ ఇలా అయింది. మన దగ్గర మినీ బైపాస్ కూడా బాగానే చేస్తున్నారు. అందులో రెండు అతుకుల బదులు ఒకటే ఉంటుంది, కొందరికి పైత్యరసం పైకి ఎగదన్నుతుంది. పొట్టకు బిగించే బ్యాండ్ ఊసే ఎత్తకు, దాన్ని వేసిన డాక్టర్లే చాలామంది మానేశారు. పొట్టలో పెట్టే బెలూన్ మామూలుగా ఆరు నెలలకు తీసేస్తారు, ఆ తర్వాత నీ బరువు, నీ ఇష్టం.

ఏది ఎక్కువ తగ్గిస్తుందంటే బైపాసే. అయితే జనం అనుకునేంత తేడా లేదు. ఫిన్లండ్‌లో 240 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, సగం మందికి ఇదీ సగం మందికి అదీ చేసి ఐదేళ్లు చూశారు. 2018లో లెక్క బయటికొచ్చింది. అదనంగా ఉన్న బరువులో స్లీవ్ వాళ్లు 49 శాతం, బైపాస్ వాళ్లు 57 శాతం వదిలించుకున్నారు. ఈ ఎనిమిది శాతం కోసం నేనైతే నిద్ర మానుకోను. నీకు పనికొచ్చే అంకె అప్పుడే వచ్చిన స్విట్జర్లాండ్ వాళ్ల లెక్కలో ఉంది. గుండెల్లో మంట ముదిరినవాళ్లు స్లీవ్‌లో నూటికి 32 మంది, బైపాస్‌లో ఆరుగురు. నువ్వు రెండు తలగడలూ, గ్యాస్ బిళ్లా లేనిదే పక్క ఎక్కవు. పొట్టను సన్నని గొట్టం చేస్తే లోపల ఒత్తిడి పెరిగి పులుపు పైకే తంతుంది. మంట తగ్గడానికే కొందరు స్లీవ్ నుంచి బైపాస్‌కు మారుతున్నారు. రెండు కోతలు నీకెందుకు?

షుగరు సంగతీ అంతే. క్లీవ్‌లాండ్‌లో 150 మంది మీద చేసిన పరీక్షలో ఐదేళ్లకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) ఆరుకు దిగినవాళ్లు మందులతోనే ఉన్నవాళ్లలో 5 శాతం, స్లీవ్‌తో 23, బైపాస్‌తో 29. నీలా ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు ఏది చేసినా షుగరు పూర్తిగా పోవడం కష్టమే, అయినా బైపాస్‌దే కాస్త పైచేయి. నాది బిళ్లలతో సరిపోయే షుగరు. మంటా లేదు, ఎండోస్కోపీలోనూ ఏమీ లేదన్నారు.

ఇక నేను బైపాస్ ఎందుకు వద్దనుకున్నానో విను. ఇది ఏ డాక్టరూ చెప్పలేదు, మా ఆయన మందుల షాపులో కూర్చుని నేను చూసిందే. పత్తి తీతల నుంచి, మిరప కోతల నుంచి వచ్చినవాళ్లు సాయంత్రమైతే నొప్పుల బిళ్ల అడగని రోజు లేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అమ్ముడైనంత మరేదీ పోదు. నా మోకాళ్లకూ అదే దిక్కు. బైపాస్ అతుకు దగ్గర ఆ బిళ్లలు పుండు చేస్తాయి, రక్తం కక్కేదాకా పోవచ్చు. బిళ్ల నేను మానుకోగలను. జ్వరమొస్తే ఆర్ఎంపీ చేసే సూదిలో ఏముందో ప్రతిసారీ ఎవరు అడుగుతారు?

ఇంకోటి. బైపాస్ అయినవాళ్లకు ఏళ్ల తర్వాత కూడా ఒక్కోసారి లోపల పేగు మెలిపడుతుంది. గంటల్లో ఆపరేషన్ జరగాలి. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగింది, విజయవాడ దారి మూసుకుపోయింది. మరుసటేడు సెప్టెంబరులోనూ అదే కథ. అలాంటి రాత్రి కడుపు పట్టుకుని నేనెక్కడికి పోవాలి? నీకేం, ఫోన్ చేస్తే అంబులెన్సు గుమ్మంలో ఉంటుంది.

అలాగని స్లీవ్ హాయి అనుకోకు. కుట్ల వరసలో లీకు భయం దీనికీ ఉంది. విటమిన్లు జీవితాంతం ఇక్కడా మింగాలి. బైపాస్‌కు ఇంకాస్త గట్టిగా: ఇనుము, బి12, కాల్షియం, ఏటా రక్తపరీక్షలు. బైపాస్ అయ్యాక తీపి ఎక్కువైతే చెమటలు పట్టి గుండె దడదడలాడుతుంది. మూత్రంలో ఆక్సలేట్ పెరిగి కిడ్నీలో రాళ్లు పడే గొడవ కూడా దానికే ఎక్కువ, గోంగూర, పాలకూర తగ్గించాలి. డల్లాస్ పెరట్లో గోంగూర వేశానని ఫొటోలు పంపావుగా, ఈసారికి మానెయ్యి.

అమ్మతో అంటే ఆర్తి అగర్వాల్ పేరెత్తి ఏడుపు మొదలెట్టింది. 'నువ్వు నాకు నచ్చావ్' పిల్ల 2015 జూన్‌లో 31 ఏళ్లకే న్యూజెర్సీలో పోయింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని పేపర్లు రాశాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వు లాగేయడం, పొట్టకూ షుగరుకూ దానితో పని లేదు అని ఎంత చెప్పినా వినదు. వారం వారం పొడిచే ఇంజెక్షన్లు వచ్చాయి కదా అని తమ్ముడు. వాటిలో మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, పని చేస్తోంది కూడా. మానేస్తే బరువు తిరిగొస్తుంది, ఆ ఖర్చు ఏళ్ల తరబడి పెట్టడం మా వల్ల కాదు.

డబ్బంటే గుర్తొచ్చింది. 2020 అక్టోబరు నుంచి ఇక్కడి ఆరోగ్య బీమాల్లో బీఎంఐ 40 ఉంటే, లేదా 35 ఉండి అదుపు తప్పిన షుగరో గుండెజబ్బో ఉంటే ఈ ఆపరేషన్‌కు దారి ఉంది. సర్జన్ల సంఘాలేమో 2022లో ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఆ 27.5కూ బీమా వాళ్ల గీతకూ మధ్య చిక్కినవాళ్లు పొలం అమ్ముకోవాల్సిందే. మా కాగితాలు ఇంకా బీమా వాళ్ల దగ్గరే ఉన్నాయి.

నువ్వు ముందు ఎండోస్కోపీ చేయించు, ఆ రిపోర్టు చూడకుండా దేనికీ సరే అనకు. ఎన్ని ఆపరేషన్లు చేశారని అందరూ అడుగుతారు. రాత్రి రెండింటికి కడుపు నొప్పొస్తే ఫోనెత్తేదెవరో నువ్వు అడుగు. మా అన్నయ్యతో చెప్పావా లేదా అదీ రాయి. నా డేటు తిరునాళ్ల తర్వాతే ఇమ్మన్నాను. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దర్శనానికి వచ్చే చుట్టాలందరికీ వండిపెట్టాల్సింది నేనే మరి. రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు, మీ అన్నయ్యకు చూపిస్తాను.

ఇట్లు
నీ వదిన