మామ్మ పాటకి డబ్ చేద్దామనుకున్నాను

పోస్ట్ కొంచెం పెద్దది, ఖాళీగా ఉన్నప్పుడు చదవండి. పాటల గురించే రాస్తున్నాను గానీ, చివర్లో మిమ్మల్ని ఒక మాట అడగాలి.

మా హాస్టల్లో పక్క రూమ్ సీనియర్ అన్నది మేఘాలయ. రాత్రి కరెంటు పోతే వరండాలో చిన్న స్పీకర్ పెట్టుకుని కూర్చుంటాడు. ఫస్టియర్‌లో నాకు ఇంగ్లీషు రాదు, హిందీ అంతకన్నా రాదు. అందుకని ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు. పాట వినడానికి భాష అక్కర్లేదు కదా అని వెళ్ళి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఏదో పాట పెట్టాడు. డ్రమ్ము, బేసు ముందుకొచ్చి నడుస్తున్నాయి. గిటారు మధ్యలో ఒక్క ముక్క "చక్" మని పడి, ఆ ముక్కే దూరందూరంగా నాలుగైదుసార్లు వినబడి ఆగిపోతోంది. పాడేవాడి గొంతు ఉన్నట్టుండి మాయమై, మళ్ళీ ఎక్కణ్ణుంచో వస్తోంది. మా ఊళ్ళో కొండకెదురుగా నిలబడి పశువుల్ని కేకేస్తే కేక తిరిగొస్తుంది చూడండి, అచ్చం అలాగే ఉంది.

జమైకా పాటేమో అనుకున్నాను. కాదట. ఇంగ్లాండు రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ 1973లో "ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్" అనే ఆల్బమ్ చేసింది. ప్రపంచమంతా విన్న ఆల్బమ్ అది. దాన్ని మొదటి పాట నుంచి ఆఖరి పాట వరకూ న్యూయార్క్‌కి చెందిన ఈజీ స్టార్ ఆల్-స్టార్స్ అనే బృందం రెగే, డబ్ పద్ధతిలో మళ్ళీ చేసి, 2003లో "డబ్ సైడ్ ఆఫ్ ద మూన్" అని విడుదల చేసింది. పాత రికార్డింగ్ మీద బీటు అతికించలేదు వాళ్ళు. ప్రతి వాయిద్యం కొత్తగా వాయించారు, ప్రతి పాటా కొత్త గొంతులతో పాడించారు. "అస్ అండ్ దెమ్" అనే పాటని జమైకా గాయకుడు ఫ్రాంకీ పాల్ పాడాడు. నేను ముందు ఇదే విన్నాను, అసలుది తర్వాత విన్నాను. నిజం చెప్పాలంటే అసలుదే నాకు నకలులా అనిపించింది!

ఒక్కచోట మాత్రం ఇబ్బందిపడ్డాను. "మనీ" అనే పాట అసలుదాంట్లో డబ్బుల గలగలతో, గల్లాపెట్టె శబ్దంతో మొదలవుతుంది. ఆ చోట వీళ్ళు గంజాయి పీల్చే గొట్టం బుడబుడ, దగ్గు పెట్టారు. వరండాలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాడేరు వైపు నుంచి బస్సెక్కిన కుర్రాడి బ్యాగు ఎన్నిసార్లు విప్పిస్తారో మన గ్రూపులో వాళ్ళకి చెప్పక్కర్లేదు. సరే, అది వేరే పోస్టు.

ఈ డబ్ ఎక్కడ పుట్టిందా అని చదివాను. 1960ల చివర్లో జమైకాలో రడ్డీ రెడ్‌వుడ్ అని సౌండ్ సిస్టమ్ నడిపే ఆయన ఉండేవాడు. మన డీజే సెట్ల లాంటివే, వీధిలో పెద్ద పెద్ద బాక్సులు పెట్టి డ్యాన్సులు జరిపేవాళ్ళు. ఒకసారి ఆయన కోసం పారగాన్స్ అనే బృందం పాటని డిస్కు మీదకి ఎక్కిస్తూ ఇంజినీరు గొంతు కలపడం మర్చిపోయాడు. ఉత్త వాయిద్యాలే వచ్చాయి. ఆయన దాన్నలాగే డ్యాన్సులో వేస్తే, గొంతు లేనిచోట జనమే పాట అందుకుని పాడారట. ఇది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. గొంతు తీసేస్తే పాట చచ్చిపోలేదు, ఊరి నోట్లోకి వెళ్ళింది.

దాన్ని ఒక విద్యగా చేసినవాళ్ళలో ముందు చెప్పాల్సింది కింగ్ టబ్బీ గురించి. అసలు పేరు ఆస్బోర్న్ రడక్. కింగ్‌స్టన్‌లో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. నాలుగు ట్రాకుల మిక్సర్ ముందు కూర్చుని గొంతు తీసేసి, బేసు పెంచి, ఒక్క మాటకి ఎకో ఇచ్చి వదిలేసేవాడు. వాయిద్యం వాయించేవాడు కాదు, మిక్సరే ఆయన వాయిద్యం. ఏ వైరు తీస్తే ఏది ఆగుతుందో తెలిసినోడికే అది కుదురుతుంది అనుకుంటాను.

ఇతరుల పాటల్ని తమవిగా చేసుకోవడం జమైకావాళ్ళకి కొత్త కాదు. అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ 1971లో పాడిన "కంట్రీ రోడ్స్" మా కాలేజీలో గిటారు పట్టుకున్న ప్రతివాడూ పాడతాడు. దాన్ని టూట్స్ అండ్ ద మేటల్స్ బృందం రెగేలో పాడుతూ, వెస్ట్ వర్జీనియా అనేచోట వెస్ట్ జమైకా అని మార్చేసింది. ఒక్క ఊరిపేరు మారిందంతే, అది వేరేవాళ్ళ ఇంటిదారి అయిపోయింది. యూబీ40 అనే ఇంగ్లాండు బృందం కథ ఇంకా బాగుంటుంది. నిరుద్యోగ భృతి ఫారం నంబరునే తమ పేరుగా పెట్టుకున్న బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళు. 1983లో వాళ్ళ "రెడ్ రెడ్ వైన్" పెద్ద హిట్టు. టోనీ ట్రైబ్ అనే జమైకా గాయకుడి రెగే పాటగానే వాళ్ళకది తెలుసు. రాసింది నీల్ డైమండ్ అనే అమెరికా గాయకుడని వాళ్ళకి తెలీదు. రికార్డు మీద ఎన్. డైమండ్ అని ఉంటే జమైకా ఆయనెవరో అనుకున్నారట. అయితే ఆ పేరు రికార్డు మీద ఉంది. అందుకే ఎప్పటికైనా తెలిసింది.

మన పాటల మీద ఆ పేరు కూడా ఉండదు.

మొన్న మా కాలేజీ ఫంక్షన్లో "ట్రైబల్ బీట్" అని అనౌన్స్ చేసి థింసా రీమిక్స్ వేశారు. అందరూ ఎగిరారు, నేనూ ఎగిరాను, అబద్ధమెందుకు. కానీ తుడుము వినబడలేదు, మోరి వినబడలేదు, పాడే ఆడవాళ్ళ మాట ఒక్కటీ తెలియలేదు. స్క్రీన్ మీద డీజే పేరు ఒక్కటే ఉంది. రూముకొచ్చాక కోపం వచ్చింది. నేనే చేస్తాను, డబ్ లాగ, మన పాటకి చోటిచ్చి చేస్తాను అనుకున్నాను.

ఇటుకల పండక్కి మా ఊళ్ళో ఆడవాళ్ళు వరసకట్టి పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసింది నా దగ్గరుంది. ముందుమాట మా మామ్మది, మిగతావాళ్ళు అందుకుంటారు. పని మొదలెడితే తెలిసింది తిప్పలు. టబ్బీకి నాలుగు ట్రాకులున్నాయి, నాకున్నది ఒకటే. గొంతులు, తుడుము, కుక్క అరుపు, ఎవరో చంటిపిల్ల ఏడుపు అన్నీ ఒకే ముద్ద. గొంతుని వేరుచేసే యాప్ ఒకటి ఎక్కిస్తే, మామ్మ గొంతు ఒక్కటే కాస్త స్పష్టంగా వచ్చింది. అందుకునేవాళ్ళవి చిరిగిపోయినట్టు వచ్చాయి, వాటిని తీసేశాను. మామ్మ గొంతుకి ఎకో ఇచ్చాను, కింద బేసు పెట్టాను. వరండాలో వినిపిస్తే మేఘాలయ అన్న కళ్ళు మూసుకుని తలూపాడు. నేను గాల్లో తేలాను.

దసరా సెలవుల్లో ఇంటికెళ్ళి మామ్మ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాను. మొదట నవ్వింది. "నా గొంతు గెడ్డ అవతల్నించి పిల్సినట్టుందిరా" అంది. తర్వాత నవ్వు ఆగింది. మళ్ళీ పెట్టమంది. రెండోసారి విని ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "మిగతావోళ్ళేర్రా? నేను పిలత్తన్నాను, ఒక్కరూ పలకట్లేదేటి?" అంది.

నాకు చెప్పడానికేం దొరకలేదు. యాప్ గురించి చెప్పబోయాను, ఆమెకి అక్కర్లేదు. ఆ వరసలో పాడినవాళ్ళలో ఒకామె ఈ వానాకాలం జ్వరంతో పోయింది. మామ్మకి స్నేహితురాలు. నేను చిరిగిపోయిందని తీసేసిన గొంతుల్లో ఆమెదీ ఉంది. అసలు రికార్డింగు పెడితే మామ్మ మొత్తం విని, మధ్యలో ఒకచోట "అదుగో" అంది.

ఇప్పుడు నా ఫోన్లో రెండు ఫైళ్ళున్నాయి. బీటు పెట్టిన ఫైలు ఎక్కడా పెట్టలేదు. వచ్చే పండక్కి ఇంకో రెండు ఫోన్లు అరువు తెచ్చుకుని, మామ్మకి ఒకటి, అందుకునేవాళ్ళకి ఒకటి, తుడుముకి ఒకటి దగ్గరగా పెట్టి రికార్డు చేద్దామని ఉంది. మీలో రికార్డింగ్ తెలిసినవాళ్ళు ఉంటే ఫోన్లు ఎంత దూరంలో పెట్టాలో చెప్పండి. ఇంకొకటి: పాట పెట్టేటప్పుడు పేరు ఎవరిది వేయాలి? మామ్మదా, వరసలో ఉన్న అందరివీనా, ఊరిదా? మామ్మని అడిగితే "పాటకి పేరేట్రా, పండక్కి పాడతాం" అంటోంది. పోయినామె పేరు వేయాలంటే వాళ్ళింట్లో ముందు అడగాలి కదా. మీ ఊళ్ళలో ఇలాంటిది ఎవరైనా చేసుంటే కింద రాయండి.